ఉల్లిగడ్డ పొట్టుతో నూలుకు రంగు: నా అనుభవం

మాది వరంగల్ కొత్తవాడ. బాపు (నాన్న) దర్రీలు, అంటే నేల మీద పరుచుకునే మందపాటి నూలు జంపఖానాలు నేస్తాడు. నేను బీకాం చదివి, ఇంటి దగ్గరే ఉండి ఆర్డర్లు, లెక్కలు చూసుకుంటున్నాను. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ గుర్తింపు (ఈ సరుకు ఫలానా ప్రాంతానిదే అని ఇచ్చే ముద్ర) వచ్చాక మేము కూడా ధైర్యం చేసి హైదరాబాద్ దాకా సరుకు తీసుకెళ్లడం మొదలుపెట్టాం. అలా ఒక జనవరిలో నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్ నుమాయిష్‌కి వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ మా దర్రీని రెండు వైపులా తిప్పి చూసి, "దీనికి ఏం రంగులు వాడతారమ్మా? మా మనవడు పొద్దంతా కిందే పాకుతుంటాడు, నోట్లో పెట్టుకుంటాడు" అని అడిగింది. బజార్లో కొనే రసాయన రంగులేనండీ అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ దర్రీని జాగ్రత్తగా మడిచి, ఎక్కడిదక్కడ పెట్టి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. మనవడి సంగతి అలా ఉంచితే, ఆ రంగుల్లో ఇరవై ఏళ్లుగా చేతులు ముంచుతున్నది మా బాపు. నాఫ్తాల్ అనే రసాయన రంగు వేయాలంటే కాస్టిక్ సోడా కలపాలి. బాపు వేళ్ల సందుల్లో తోలు ఎప్పుడూ పొట్టు లేస్తూనే ఉంటుంది. అన్నం కలుపుకునేటప్పుడు మంట అని చెంచా అడుగుతాడు. ఇన్నేళ్లూ అది చూస్తూ కూడా నేను దాన్ని రంగుతో కలిపి ఆలోచించలేదు.

చెట్ల రంగులు వాడదాం అనుకున్నాం గానీ, రంగు కోసం పంట వేసే భూమి మాకు లేదు, కొనే స్తోమత లేదు. ఊళ్లో పారేసే దాంట్లోంచి ఏమైనా వస్తుందా అని చూడటమే మిగిలింది. వరంగల్‌లో పారేసే దానికి కొదవ లేదు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ నడుస్తోంది. ఎటు చూసినా ఎరుపే. తాలు కాయలు, విరిగిన ముక్కలు, తొడిమలు, బస్తాలు దులిపితే రాలే తుక్కు. ఇంత ఎరుపు కళ్ల ముందు ఉంటే ఇంకెక్కడో వెతకడం దేనికి అనిపించింది. ఐదు కిలోల తుక్కు తెచ్చి, వాకిట్లో కట్టెల పొయ్యి మీద గంజులో నీళ్లు పోసి మరిగించాను.

పావుగంటకే వీధి వీధంతా దగ్గు. పక్కింటి పిన్ని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చి, "ఏం బిడ్డా, ఎవరికి దిష్టి తీస్తున్నవ్?" అంది. నీళ్లు ఎరుపెక్కలేదు. వరద నీళ్లలా మట్టి రంగుకు తిరిగాయి. అందులో వేసిన నూలు చిలప (పోగుల చుట్ట) కూడా అదే రంగుకు వచ్చింది. జాడిస్తే సగం పోయింది. మిగిలింది చేతుల మంట. రెండు రోజులు చన్నీళ్లతో కడిగినా తగ్గలేదు. చివరికి కొబ్బరినూనె రాసి సబ్బుతో కడిగితే నెమ్మదించింది.

మా మేనమామ బిడ్డ కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. ఆదివారం ఇంటికి వస్తే ఈ గోడు వెళ్లబోసుకున్నాను. తను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"వదినా, ఆవకాయ జాడీల ఎరుపు ఎక్కడ ఉంటది? ఊటలనా, మీద తేలే నూనెలనా?"

నూనెలోనే. రోజూ చూసేదే. మిరప ఎరుపుకు కారణమైన పదార్థం పేరు క్యాప్సాంథిన్ అట. క్యారెట్‌లో, టమాటాలో ఉండే రంగుల కుటుంబమే. నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. మంట పుట్టించే క్యాప్సైసిన్ కూడా అంతే. నా చేతికి నీళ్లు పనిచేయక నూనె పనిచేసింది అందుకే. నమ్మకం కుదరడానికి వంటింట్లోనే చూశాం. రెండు చెంచాల నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, చిటికెడు మిరప తుక్కు వేసి పక్కన పెడితే పది నిమిషాల్లో నూనె కుంకుమ రంగుకు వచ్చింది. ఫ్యాక్టరీల్లో హెక్సేన్ లాంటి ద్రావకాలతో ఈ ఎరుపును లాగి, ద్రావకాన్ని ఆవిరి చేసి చిక్కటి ఓలియోరెసిన్ తీస్తారు. తినే పదార్థాలకు రంగుగా అమ్ముతారు. 2025లో జీఐ గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాటా మిర్చికి గిరాకీ అందుకే. దానికి కారం తక్కువ, రంగు ఎక్కువ. హెక్సేన్ అంటే పెట్రోల్‌లా భగ్గుమనేది, ఇంట్లో దాని జోలికి పోకూడదని మరదలు గట్టిగా చెప్పింది. పైగా నూనె రంగు నూలుకు పట్టదు. మిర్చిని అక్కడితో ఆపేశాం.

"నీళ్లలకు దిగే రంగు ఏందో దాన్ని పట్టుకో" అని తనే ఒక పట్టీ రాసిచ్చింది. ఉల్లి పొట్టు, దానిమ్మ తొక్క, బంతి పువ్వు. వీటిలో ఉండేవి ఫ్లేవనాయిడ్లు, టానిన్లు, అంటే నీళ్లలోకి దిగే మొక్కల పదార్థాలు. వేడి నీళ్లే చాలు. బీట్‌రూట్, నేరేడు పండు జోలికి మాత్రం పోవద్దంది. చూడటానికి ముచ్చటగా ఉంటాయి గానీ నూలు మీద నిలవవట.

లక్ష్మీపురం కూరగాయల మార్కెట్‌లో ఉల్లిగడ్డల దుకాణాల ముందు పొద్దున ఊడిస్తే పొట్టు కుప్పలు కుప్పలుగా పోగవుతుంది. ఒక సేటును అడిగితే, "తీస్కపో అమ్మా, నాకు ఊడ్చే పని తప్పుతది" అన్నాడు. గోనె సంచి నిండా కుక్కి కుక్కి నింపితే నాలుగు కిలోలు కూడా తూగలేదు. దాంట్లోంచి కుళ్లినవి, బూజు పట్టినవి, వెల్లుల్లి పొర, సుతిలి తాళ్లు ఏరేసరికి మూడు కిలోలు మిగిలింది. ఈ ఏరడమే అన్నిటికన్నా విసుగు పుట్టించే పని. నల్ల బూజు ఉన్న పొట్టు ఒక్క గుప్పెడు పడినా వాసన నూలుకు ఎక్కుతుంది.

రంగు తీయడం మాత్రం చాలా తేలిక. కిలో పొట్టు, పాతిక లీటర్ల నీళ్లు, సన్న సెగ మీద ఒక గంట. పాత ధోవతి గుడ్డలో వడకడితే డికాషన్‌ను మించిన ముదురు ఎరుపు వచ్చింది. నాకు సంబరం ఆగలేదు. కిలో నూలు అందులో ముంచి అరగంట ఉంచి తీశాను. ఆరేశాక చూస్తే చిలపలో ఒక పోగు పసుపు, ఒక పోగు తెలుపు, మధ్యలో మచ్చలు. రెండు నీళ్లలో జాడించేసరికి ఆ కాస్తా కాల్వలో పోయింది.

బాపు అంతసేపూ మాట్లాడకుండా చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి కొత్త నూలు చిలప ఒకటి తెచ్చి, బకెట్ నీళ్ల మీద పెట్టాడు. అది మునగలేదు. ఎండుగడ్డిలా నీళ్ల మీద అలాగే తేలుతూ ఉంది. "దీనికి నీళ్లే పడుతలేవు బిడ్డా, రంగెట్ల పడుతది?" అన్నాడు. పత్తికి పుట్టుకతోనే మైనం లాంటి పొర ఉంటుంది. అది పోవాలి. కిలో నూలుకు యాభై గ్రాముల బట్టల సోడా వేసి గంటకు పైగా ఉడికించాం. శుభ్రంగా కనిపించే తెల్ల నూలులోంచి చాయ్ రంగు నీళ్లు దిగాయి. బాగా జాడించి, ఆరబెట్టి, మళ్లీ బకెట్ మీద పెడితే చిలప కన్ను మూసి తెరిచేలోగా అడుగుకు చేరింది. ఇప్పటికీ ప్రతిసారీ ఈ పరీక్ష చేయకుండా ముందుకు పోము.

అయినా సగం పనే అయింది. ఉన్నికి, పట్టుకు ఈ రంగులు సులువుగా అంటుకుంటాయి, ఎందుకంటే అవి జంతువుల నుంచి వచ్చేవి, ప్రొటీన్ ఉంటుంది. పత్తికి అది లేదు. రంగుకూ నూలుకూ మధ్య పటిక ఉండాలి. కానీ పటికను కూడా పత్తి నేరుగా పట్టుకోదు. ముందు కరక్కాయ ఎక్కిస్తే, అందులోని టానిన్ నూలును పట్టుకుంటుంది, టానిన్ పటికను పట్టుకుంటుంది, పటిక రంగును పట్టుకుంటుంది. ఇది మరదలు కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మా నాయనమ్మ పక్కనే కూర్చుని విని, "కరక్కాయ లేంది ఏ అద్దకమైనా ఉంటదా?" అంది. చిన్నప్పుడు ఇంట్లో కరక్కాయల రోలు వేరే ఉండేదట. ఆమెకు తెలిసిన సంగతి నేను ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదో అని బాధేసింది. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల పిల్లవాడు మలేరియా మందు తయారు చేయబోతే ఊదా రంగు వచ్చిందట, కృత్రిమ రంగుల వ్యాపారం అక్కడి నుంచే మొదలైందట. ఆ డబ్బా రంగులు మా వాడ దాకా వచ్చాక రోలు అటకెక్కి ఉంటుంది.

కిలో నూలుకు రెండు వందల గ్రాముల కరక్కాయ పొడి వేడి నీళ్లలో కలిపి, రాత్రంతా నానబెట్టాం. పొద్దున తీస్తే నూలు లేత వెన్న రంగులో ఉంది. జాడించకుండా గట్టిగా పిండి నీడలో ఆరేశాం. మర్నాడు నూట యాభై గ్రాముల పటిక నూరి, వేడి నీళ్లలో కరిగించి మళ్లీ రాత్రంతా. మూడో రోజు ఉల్లి పొట్టు నీళ్లు. తెర్లనివ్వకుండా సన్న సెగ మీద ముప్పావుగంట, తర్వాత పొయ్యి ఆర్పి అందులోనే చల్లారనిచ్చాం. కర్రతో నూలు పైకి లేపినప్పుడు ముందు అంతా ఎర్రటి నీళ్లు కారాయి. అవి కారిపోతుంటే లోపలి నుంచి బంగారు పసుపు బయటపడింది. మూడు నీళ్లలో జాడించాం. మూడో నీళ్లు దాదాపు తేటగా వచ్చాయి. రంగు నూలు మీదే ఉంది.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. రెండుసార్లు లేచి దండెం మీద నూలును ఫోన్ లైట్ వేసి చూసుకున్నాను.

రెండో వాయికి గంజు ఖాళీ లేక బాపు పాత ఇనుప మూకుడులో పెట్టాడు. ఈసారి బంగారు రంగు రాలేదు. ఎండిన తంగేడు ఆకులా, బూడిద కలిసిన ఆకుపచ్చ వచ్చింది. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. ఇనుము తగిలితే ఈ రంగులు ముదురుతాయని మరదలు ఫోన్‌లో చెప్పింది. నిజం చెప్పాలంటే ఆ ఆకుపచ్చ బంగారు రంగు కన్నా నాకు నచ్చింది. అదే కావాలని తెప్పించుకోవడానికి అన్నభేది (ఇనుము ఉండే లవణం) వాడాలంది. ఇక్కడే నేను అత్యాశకు పోయాను. ఇంకా ముదురు రావాలని కిలో నూలుకు వంద గ్రాములు వేసి రాత్రంతా వదిలేశాను. రంగు అద్భుతంగా వచ్చింది. కానీ కండెలు చుట్టేటప్పుడు మూడు మూరలకోసారి పోగు పుటుక్కుమంది. బాపు ఒక పోగు రెండు వేళ్ల మధ్య పెట్టి లాగి, "నూలు సచ్చింది" అన్నాడు. ఇనుము ఎక్కువైతే పత్తి పెళుసు బారుతుంది. కిలో నూలు, మూడు రోజుల పని పోయాయి. ఇప్పుడు ఇరవై గ్రాములకు మించి వేయడం లేదు. అది కూడా రంగు ఎక్కిన తర్వాత, వేరే నీళ్లలో, పది నిమిషాలే. కళ్ల ముందే పసుపు ఆకుపచ్చకు తిరుగుతుంది. అనుకున్న రంగు రాగానే తీసి బాగా జాడించాలి.

మైలుతుత్తం (రాగి ఉండే లవణం) వేస్తే ఇంకా మంచి ఆకుపచ్చ వస్తుందని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. వస్తుందేమో. అది కాల్వలో కలిస్తే నీళ్లకు, చేపలకు విషం. పసివాళ్లు పాకే దర్రీ కోసం మొదలుపెట్టిన పనిలో దాన్ని కలపడానికి నాకు మనసొప్పలేదు.

పసుపు సంగతి కూడా చెప్పాలి. మెట్‌పల్లిలో మా చిన్నమ్మ వాళ్లు పసుపు వేస్తారు. కొమ్ములు డ్రమ్ములో పాలిష్ పట్టేటప్పుడు రాలే పొడి ఒక సంచెడు పంపింది. అంత నిండైన పసుపు ఉల్లిపొట్టుతో ఎప్పటికీ రాదు. కరక్కాయ, పటిక కూడా అక్కర్లేదు, ముంచగానే అంటుకుంటుంది. సబ్బు పెట్టి ఉతికితే మాత్రం నూలు ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే. సబ్బులో క్షారం ఉంటుంది కదా. నిమ్మకాయ నీళ్లలో జాడిస్తే మళ్లీ పసుపు రంగుకు వచ్చింది. దాన్నయినా ఓర్చుకోవచ్చు గానీ, ఎండను ఓర్చుకోలేం. మే నెలలో అన్ని రంగుల పోగులూ అట్ట మీద చుట్టి, సగం వరకు ఇంకో అట్ట కప్పి మేడ మీద పెట్టాం. మూడో రోజుకే పసుపు పాలిపోయింది. ఉల్లిపొట్టు బంగారు రంగు పదిహేను రోజుల రోహిణి ఎండ తిన్నాక కాస్త తగ్గింది, కానీ పేరు పెట్టి పిలవగలిగేంత ఉంది. అన్నభేది పడిన ఆకుపచ్చ నూలులో మాత్రం, పై అట్ట తీసి చూస్తే తేడా వెతుక్కోవాల్సి వచ్చింది.

బంతి పూలు దసరాకు దొరికాయి. సద్దుల బతుకమ్మ దాకా కిలో ఇంతని బేరాలాడిన పూలే, పండుగ మర్నాడు మార్కెట్ గేటు దగ్గర కుప్ప పోసి వెళ్లిపోతారు రైతులు. తిరిగి తీసుకెళ్తే ఆటో కిరాయి దండగ. ఆ కుప్ప చూస్తే కడుపు తరుక్కుపోతుంది. చెరువులో కలిపిన పూలు మాత్రం ముట్టొద్దని నాయనమ్మ ముందే చెప్పింది, గౌరమ్మకు ఇచ్చినవి ఇచ్చినట్టే. అమ్ముడుపోని పూలే రెండు బస్తాలు తెచ్చి, రేకలు తుంచి నీడలో ఆరబెట్టాం. పది కిలోల తడి పూలు ఎండితే కిలోన్నర కూడా రాలేదు. బంతి పువ్వుకు పేరు తెచ్చిన లుటీన్ మిర్చి ఎరుపులాగే నూనె రంగు. మనకు నీళ్లలో దిగేది వేరే, అది కూడా పసుపే. ఉల్లిపొట్టు కన్నా కాస్త చల్లటి పసుపు, నిమ్మపండు వైపు ఉంటుంది.

నవంబర్‌లో మొదటి దర్రీకి కూర్చున్నాం. నాలుగు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు. పేకకు (అడ్డపోగుకు) రెండున్నర కిలోల రంగు నూలు కావాలి. మా గంజులో ఒకసారికి కిలోంబావుకు మించి పట్టదు కాబట్టి రెండు వాయిలుగా వేశాం. మగ్గం ఎక్కాక సగం నేసి బాపు ఆగిపోయాడు. "ఇక్కడ రంగు మారింది" అన్నాడు. నాకేమీ కనపడలేదు. కిందికి దిగి దూరం నుంచి చూడమన్నాడు. అప్పుడు కనపడింది, నడుముకు గీత గీసినట్టు. ఒకే పొట్టు, ఒకే కొలత. ఆలోచించగా ఆలోచించగా నీళ్లు గుర్తొచ్చాయి. మొదటి వాయికి నల్లా నీళ్లు. రెండోసారి నల్లా రాక బోరు నీళ్లు పోశాను. మా బోరు నీళ్లతో పప్పు ఉడకదు, అంత ఉప్పు. రంగు కూడా అందుకే మసకబారింది.

బాపు నేసినంతా విప్పేశాడు. నేను వద్దన్నాను, చారలా ఉంది, ఎవరూ గుర్తుపట్టరు అన్నాను. "నేను గుర్తుపట్టిన కదా" అన్నాడు. ఇప్పుడు ఒక దర్రీకి కావలసిన పొట్టు నీళ్లన్నీ ముందే కాచి, పెద్ద డ్రమ్ములో ఒకటిగా కలిపి, తర్వాత నూలు తూకాన్ని బట్టి పంచుకుంటున్నాం. నల్లా నీళ్లే వాడుతున్నాం. ముందు రోజే పట్టి పెట్టుకుంటాం.

ఖర్చు గురించి అందరూ అడుగుతారు. పొట్టు ఊరికే వస్తుంది, కరక్కాయ, పటిక పెద్ద లెక్క కాదు. కట్టెలు, నీళ్లు, రోజులు ఖర్చవుతాయి. డబ్బా రంగుతో ఒక్క పూటలో అయ్యే పనికి ఇక్కడ ఐదు రోజులు. దర్రీ ధర ఎక్కువ చెప్పక తప్పదు. కొనేవాళ్లకు మేము ముందే చెబుతున్నాం: సబ్బు కుంకుడుకాయ రసంలా ఘాటు లేనిదై ఉండాలి, నీడలో ఆరేయాలి, ఏళ్లు గడిచేకొద్దీ రంగు మెల్లగా తగ్గుతుంది. ఇది చెప్పాక వెనక్కి పెట్టినవాళ్లు ఉన్నారు. ఈసారి నుమాయిష్‌కి తీసుకెళ్లిన నాలుగింటిలో మూడు అమ్ముడయ్యాయి. ఆ పెద్దావిడ కోసం నేను రోజూ చూశాను. రాలేదు.

పిండేసిన పొట్టు అంతా పెంటగుంతలోకి పోతోంది, ఎరువవుతుంది. బాపు చేతులు పూర్తిగా మానలేదు, ఎందుకంటే మిగతా ఆర్డర్లకు పాత రంగులే నడుస్తున్నాయి. కానీ చెంచా అడగడం తగ్గింది.

హనుమకొండ చౌరస్తా దగ్గర జ్యూస్ షాపుల్లో దానిమ్మ తొక్క రోజుకో బకెట్ పోగవుతుందని బాపే కనుక్కుని వచ్చాడు. అందులో టానిన్ ఎక్కువ కాబట్టి కరక్కాయ తగ్గించవచ్చేమోనని చూస్తున్నాం. కరక్కాయతో మూడు పోగులు, కరక్కాయ లేకుండా మూడు పోగులు అట్టకు చుట్టి మేడ మీద పెట్టాం. పై అట్ట వచ్చే ఆదివారం తీస్తాం.